ఇన్‌స్టాల్ పని లేదు.. అంతా బ్రౌజర్‌లోనే! మరి అనంత నెట్ సెంటర్లో వేలిముద్ర ఎందుకు ఆగుతోంది?

అనంతపురంలో డీటీపీ షాపు తెరవాలంటే ఒకప్పుడు కంప్యూటర్‌తో పాటు సీడీల డబ్బా కూడా ఉండాలి. పేజ్‌మేకర్‌కు ఒకటి. ఫోటోషాప్‌కు ఒకటి. తెలుగు టైపింగ్‌కు అనూ స్క్రిప్ట్. ఉత్తరాలు, బిల్లులకు ఎంఎస్ ఆఫీస్. వైరస్ పడిందా.. ఫార్మాట్ కొట్టించి, అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సిందే. ఇప్పుడు సీన్ మారింది. పెళ్లి పత్రిక డిజైన్ దగ్గర్నుంచి ఆధార్ పీడీఎఫ్ సైజు తగ్గించే దాకా చాలా పనులు ఒక్క బ్రౌజర్‌లోనే అయిపోతున్నాయి. క్రోమో, ఎడ్జో తెరిచారా.. పని మొదలు.

చూడ్డానికి చిన్న మార్పే. కానీ దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లాగా పేరుపడ్డ అనంతకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ కొత్త కంప్యూటర్ కొనే స్తోమత తక్కువ, ఉన్న పాత మెషీన్‌నే లాగించాల్సిన అవసరం ఎక్కువ. పైగా రైతుకు సర్కారుతో ఉన్న పనుల్లో చాలావరకు.. అడంగల్, 1బీ, పీఎం కిసాన్ ఈకేవైసీ, పంటల బీమా.. ఏదో ఒక వెబ్ పేజీ గుండానే వెళ్తున్నాయి. మరి బ్రౌజర్‌కు వచ్చిన కొత్త బలం ఆ పేజీల దాకా చేరిందా? అక్కడే ఉంది అసలు తిరకాసు.

కాగితం లాంటి పేజీ కంప్యూటర్ ఎలా అయింది?

మొదట్లో వెబ్ పేజీ అంటే తెర మీద కనిపించే కాగితం. చదవొచ్చు, లింకు నొక్కొచ్చు, అంతే. 2004లో జీమెయిల్, 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండానే పని జరగొచ్చని జనానికి తెలిసింది. 2008 సెప్టెంబర్‌లో క్రోమ్ వచ్చింది. అప్పట్లో ఆ ప్రాజెక్టును నడిపించింది ఇప్పటి గూగుల్ సీఈవో సుందర్ పిచాయ్. జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడిపించే ఇంజిన్ దాని బలం. మిగతా బ్రౌజర్లు కూడా ఆ పరుగులో దిగక తప్పలేదు.

తెలుగువాళ్లకు ఈ మార్పు ఇంకాస్త ముందే అనుభవంలోకి వచ్చింది. వీవెన్ తయారుచేసిన 'లేఖిని' గుర్తుందా? ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, పేజీ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే పక్కనే యూనికోడ్ తెలుగు వచ్చేసేది. తెలుగు బ్లాగులు రాసిన ఓ తరం మొత్తం దాని మీదే నడిచింది. అదే సమయంలో షాపుల్లో అనూ ఫాంట్లతో కొట్టిన తెలుగును బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు కనిపించేవి. ఇప్పటికీ అంతే. అందుకే అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే పేజీలకు ఈనాటికీ గిరాకీ ఉంది. విచిత్రం ఏంటంటే, ఆ మార్పిడి చేసిపెట్టేది కూడా బ్రౌజరే.

అసలు మలుపు మాత్రం 2017లో వచ్చింది. దాని పేరు వెబ్‌అసెంబ్లీ. సింపుల్‌గా చెప్పాలంటే.. డెస్క్‌టాప్ కోసం సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాసిన భారీ సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్ అర్థం చేసుకునే రూపంలోకి మార్చే పద్ధతి. ఆ ఏడాదే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్.. నాలుగూ దానికి ఓకే చెప్పాయి. ఆ మరుసటి ఏడాది ఇంజనీర్లు వాడే ఆటోక్యాడ్, దశాబ్దాల నాటి తన పాత కోడ్‌తోనే బ్రౌజర్‌లోకి దిగింది. 2021లో ఫోటోషాప్ వెబ్ బీటా వచ్చింది, 2023 సెప్టెంబర్‌లో పూర్తి స్థాయిలో విడుదలైంది. డిజైనర్లు వాడే ఫిగ్మా అయితే పుట్టిందే బ్రౌజర్‌లో. దాన్ని కొనేందుకు అడోబీ 2022లో 2,000 కోట్ల డాలర్లు ఇస్తానంది. నియంత్రణ సంస్థల అభ్యంతరాలతో ఆ డీల్ 2023 డిసెంబర్‌లో రద్దయింది. ఓ బ్రౌజర్ సాఫ్ట్‌వేర్‌కు అంత ధర పలికిందంటే ఆట ఎటు మారిందో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడితో ఆగలేదు. మీ కంప్యూటర్‌లోని ఫైల్‌ను నేరుగా తెరిచి అందులోనే సేవ్ చేయడం, యూఎస్‌బీ పరికరంతో మాట్లాడటం, బ్లూటూత్‌కు కనెక్ట్ కావడం.. ఇవన్నీ ఇప్పుడు క్రోమ్, ఎడ్జ్‌లలో వెబ్ పేజీకి సాధ్యమే. గ్రాఫిక్స్ కార్డు బలాన్ని వాడుకునే వెబ్‌జీపీయూ 2023లో క్రోమ్‌కు, 2025లో సఫారీ, ఫైర్‌ఫాక్స్‌లకు చేరింది. దాంతో మాటను అక్షరాలుగా మార్చే ఏఐ మోడళ్లు కూడా సర్వర్‌తో పని లేకుండా మీ మెషీన్‌లోనే, బ్రౌజర్ లోపలే నడుస్తున్నాయి.

మరి పేజీకి ఇంత చనువు ఇస్తే ప్రమాదం కాదా? దీనికో కంచె ఉంది. ప్రతి పేజీ తన కంచె లోపలే తిరగాలి. పక్క చేలోకి వెళ్లాలంటే, అంటే మీ ఫైలో, కెమెరానో, లొకేషనో ముట్టుకోవాలంటే.. మిమ్మల్ని అడగాలి. మీరు 'అలో' నొక్కితేనే గేటు తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసిన మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్‌కు అంత గట్టి కంచె ఉండదు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అనంత మూలాలున్న నాదెళ్ల.. ఆ రెండు నిర్ణయాలు

ఈ కథలో మన జిల్లాకు ఓ లింకుంది. మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల పుట్టింది హైదరాబాద్‌లోనే అయినా, ఆయన తండ్రి, మాజీ ఐఏఎస్ అధికారి బీఎన్ యుగంధర్ సొంతూరు అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. 2014 ఫిబ్రవరిలో నాదెళ్ల సీఈవో అయ్యాక తీసుకున్న నిర్ణయాల్లో రెండు బ్రౌజర్ ప్రపంచాన్ని తిప్పేశాయి. ఒకటి.. సొంత ఇంజిన్ వదిలేసి, క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే ఎడ్జ్‌ను కట్టడం. 2020 జనవరిలో అది జనంలోకి వచ్చింది. రెండోది.. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు సెలవు చెప్పడం.

ఆ రెండో నిర్ణయం ఊరూరి నెట్ సెంటర్ల మీద గట్టిగానే పడింది. కారణం.. మన దేశంలో చాలా ప్రభుత్వ సైట్లు ఏళ్ల తరబడి ఎక్స్‌ప్లోరర్‌లోని యాక్టివ్ఎక్స్ అనే పాత పద్ధతిని, లేదంటే జావా ఆప్లెట్లను నమ్ముకుని నడిచాయి. డిజిటల్ సంతకం పెట్టాలన్నా, స్కానర్ వాడాలన్నా అవే దిక్కు. జావా ఆప్లెట్లు నడిచే దారిని క్రోమ్ 2015లోనే మూసేసింది. ఫ్లాష్ కథ 2020 డిసెంబర్ 31తో ముగిసింది. సైట్లు మారేలోపు బ్రౌజర్లు మారిపోయాయి. మధ్యలో నలిగింది 'ఈ సైట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి' అని గోడకు కాగితం అంటించుకున్న ఆపరేటర్లు, వాళ్ల ముందు క్యూ కట్టిన జనం.

వేలిముద్ర దగ్గర వచ్చి ఆగిన బండి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్రౌజర్ యూఎస్‌బీతో మాట్లాడగలదు అన్నాం కదా. మరి పీఎం కిసాన్ బయోమెట్రిక్ ఈకేవైసీకి వేలిముద్ర మెషీన్ పెడితే నేరుగా పనిచేయాలి. చేయదు. ఎందుకంటే ఆధార్ నిబంధనల ప్రకారం ఆ మెషీన్ 'రిజిస్టర్డ్ డివైస్' అయి ఉండాలి. వేలిముద్రను ఎన్‌క్రిప్ట్ చేసి, సంతకం చేసి పంపేందుకు ఆర్డీ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో విడిగా ఇన్‌స్టాల్ కావాలి. మీరు చూసే వెబ్ పేజీ నేరుగా మెషీన్‌తో మాట్లాడదు. కంప్యూటర్ లోపలే 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో ఎక్కడో కూర్చున్న ఆ ప్రోగ్రామ్‌ను వెతికి, తలుపు కొట్టి, దాన్ని అడుగుతుంది. మెషీన్ కంపెనీని బట్టి ప్రోగ్రామ్ కూడా మారుతుంది.

భద్రత కోణంలో చూస్తే ఈ పద్ధతిని తప్పుపట్టలేం. వేలిముద్ర బొమ్మ ఏ వెబ్‌సైట్ చేతికో దొరక్కూడదు కాబట్టే ఇలా పెట్టారు. కానీ ఆచరణలో ఏమవుతోంది? విండోస్ అప్‌డేట్ పడితే సర్వీస్ నిద్రపోతుంది. డ్రైవర్ మారితే దొరకదు. పైగా కొత్త చిక్కు ఇంకొకటి. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి, వెబ్ పేజీ మీ కంప్యూటర్‌లోని లోకల్ సర్వీసులతో గానీ, ఇంట్లోని ఇతర పరికరాలతో గానీ మాట్లాడాలంటే ముందుగా అనుమతి అడుగుతోంది. తెలియని సైట్లు మీ రౌటర్, ప్రింటర్లను గెలుక్కోకుండా పెట్టిన మంచి కాపలా ఇది. ఆర్డీ సర్వీస్ కూడా లోకల్ సర్వీసే కదా! కంగారులో ఆ చిన్న బాక్స్‌లో 'బ్లాక్' నొక్కితే, మెషీన్ బాగానే ఉన్నా 'డివైస్ నాట్ ఫౌండ్' అనే తరహా మెసేజ్ రావచ్చు. అలాంటప్పుడు మెషీన్‌ను తిట్టే ముందు, అడ్రస్ బార్ పక్కనున్న గుర్తు నొక్కి సైట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ ఓసారి చూడండి. అధికారిక సైట్ అని రూఢి చేసుకున్నాకే 'అలో' ఇవ్వండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లదీ ఇదే తంతు. జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పెట్టాలంటే ఇప్పటికీ పక్కన విడిగా ఓ సైనర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండాలి. ఫోటోషాప్ అంతటిది బ్రౌజర్‌లోకి వచ్చేసింది. గోరంత పెన్‌డ్రైవ్ సైజు టోకెన్ మాత్రం బయటే నిలబడింది.

సిగ్నల్ పోతే పని పోవాలా?

అనంత ప్రాంతంలో వాన ఎంత నమ్మకం లేనిదో, కొన్ని పల్లెల్లో నెట్ కూడా అంతే. శనక్కాయ విత్తే అదను వస్తే రైతుకు రోజులు కాదు, గంటలు లెక్క. అదే సమయంలో ఈ-క్రాప్, బీమా, ఈకేవైసీ.. అన్నీ మీద పడతాయి. చివరి తేదీ దగ్గరపడితే 'సర్వర్ డౌన్' అనే మాట వినని రైతు ఉండడు. ఫారం ముప్పావు వంతు నింపాక సిగ్నల్ పోతే పేజీ తెల్లగా అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ ఓటీపీ.

టెక్నాలజీ పరంగా ఈ బాధ పడాల్సిన అవసరమే లేదు. నెట్ లేకున్నా పేజీ తెరుచుకునేలా చేసే 'సర్వీస్ వర్కర్' అనే సదుపాయం క్రోమ్‌లో 2015 నుంచి ఉంది. 2018లో ఐఫోన్ సఫారీకీ వచ్చింది. నింపిన వివరాలను ఫోన్‌లోనే దాచిపెట్టి, సిగ్నల్ రాగానే పంపడం కూడా బ్రౌజర్‌కు వచ్చు. ఫోటో తీయడం, లొకేషన్ పట్టడం అయితే ఎప్పటి నుంచో తెలుసు. అంటే పొలం గట్టు మీద నిలబడి ఫారం నింపి, ఫోటో తీసి, ఊళ్లోకి వచ్చాక దానంతట అదే వెళ్లిపోయేలా చేయొచ్చు. యాప్ కూడా అక్కర్లేదు.

మన దేశంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 2015లో అంతా యాప్‌లోనే అని మొబైల్ సైట్‌ను మూసేసిన ఫ్లిప్‌కార్ట్, అదే ఏడాది నవంబర్‌లో 'ఫ్లిప్‌కార్ట్ లైట్' పేరుతో బ్రౌజర్‌లోకి తిరిగొచ్చింది. తక్కువ డేటా, బలహీనమైన నెట్ ఉన్నవాళ్లను వదులుకోలేక చేసిన పని అది. అమ్ముకునే కంపెనీకి పదేళ్ల కిందటే అర్థమైన సంగతి, ప్రభుత్వ సైట్లలో చాలావాటికి ఇంకా తలకెక్కలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని కాదు. 2011లో మీసేవ, 2015లో మీభూమి, 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ గవర్నెన్స్.. ప్రతిదీ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గించింది. వాట్సాప్ దారి ఎంచుకోవడం తెలివైన పనే, అది ప్రతి ఫోన్లో ఉంది కాబట్టి. కానీ అందులోనూ సిగ్నల్ లేకపోతే కథ ముందుకు సాగదు. నింపిన సమాచారం పోకుండా ఆపడం అనే చిన్న సాయం బ్రౌజర్ ఉచితంగా ఇస్తానంటోంది. తీసుకోవాల్సింది సైట్ కట్టేవాళ్లు. టెండర్ పత్రంలో 'నెట్ లేకున్నా పనిచేయాలి' అని ఒక్క షరతు పెడితే చాలు.

ఆధార్ పీడీఎఫ్ ఎక్కడికి వెళ్తోంది?

ఇది మాత్రం ప్రతి ఒక్కరూ చూడాల్సిన పాయింట్. 'ఫైల్ సైజు 100 కేబీ లోపు ఉండాలి' తరహా షరతు దాదాపు ప్రతి అప్లికేషన్లో ఉంటుంది. వెంటనే ఏం చేస్తాం? 'పీడీఎఫ్ కంప్రెస్' అని గూగుల్ కొట్టి, ముందొచ్చిన సైట్లో ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంక్ పాస్‌బుక్ అన్నీ పడేస్తాం. ఆ సైట్ ఎవరిదో, సర్వర్ ఏ దేశంలో ఉందో, ఫైల్ ఎన్నాళ్లు ఉంటుందో చూసేవాళ్లు ఎంతమంది?

బ్రౌజర్ బలం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఇప్పుడు ఫైల్‌ను ఎక్కడికీ పంపకుండా, మీ ఫోన్లోనే కుదించే పేజీలు ఉన్నాయి. ఫోటోల కోసం గూగుల్ క్రోమ్ టీమ్ 2018లో తెచ్చిన 'స్క్వూష్' అలాంటిదే. సైట్ నిజంగా అలా పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. పేజీ తెరిచాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు ఫైల్ ఇచ్చి కంప్రెస్ చేయండి. పనిచేసిందా.. కుదింపు మీ ఫోన్లోనే జరిగినట్టు. ఎర్రర్ వచ్చిందా.. ఆ సైట్ ఫైల్‌ను తన సర్వర్‌కు తీసుకెళ్తున్నట్టే లెక్క. పని అయ్యాక ట్యాబ్ మూసేసి, ఆ తర్వాతే నెట్ ఆన్ చేయండి. నూటికి నూరు శాతం గ్యారంటీ కాదు కానీ, కళ్లు మూసుకుని అప్‌లోడ్ చేయడం కన్నా వెయ్యి రెట్లు నయం.

'పీఎం కిసాన్', 'ఆర్టీవో చలాన్' పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల మోసాలూ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఏపీకే ఇన్‌స్టాల్ చేసి పర్మిషన్లు ఇచ్చారంటే అది ఎస్సెమ్మెస్‌లు చదివేస్తుంది, ఓటీపీలు లాగేస్తుంది. బ్రౌజర్ పేజీకి ఎస్సెమ్మెస్ ఇన్‌బాక్స్ తెరిచే దారే లేదు. ఇందాక చెప్పిన కంచె ఇదే. కాబట్టి ఒకే పని యాప్‌లోనూ, అధికారిక సైట్లోనూ అవుతుంటే, తెలియని ఏపీకే జోలికి పోకుండా సైట్లో చేసుకోవడం మేలు. అలాగని సైట్లన్నీ మంచివే అనుకోవద్దు. నకిలీ పేజీలో మీ చేత్తో మీరే ఓటీపీ కొడితే ఏ కంచె కాపాడదు. నోటిఫికేషన్లకు 'అలో' కొట్టి, ఆ తర్వాత 'మీ ఫోన్లో వైరస్' అని గంటకోసారి భయపెట్టే మెసేజ్‌లతో తిప్పలు పడేవాళ్లూ తక్కువేం కాదు.

చెప్పింది చేసే బ్రౌజర్లు.. చెప్పనిది కూడా?

2025లో కొత్త రకం బ్రౌజర్లు దిగాయి. జులైలో పర్‌ప్లెక్సిటీ వారి కామెట్, అక్టోబర్ 21న ఓపెన్ఏఐ వారి అట్లాస్. 'ఫలానా ఫారం నింపు' అంటే అవే సైట్ తెరిచి, అవే బటన్లు నొక్కుతాయి. వినడానికి బాగుంది. కానీ పేజీలో కనిపించకుండా దాచిన రాతలను కూడా ఆ ఏఐ ఆదేశాలుగా తీసుకునే ప్రమాదం ఉందని, కామెట్ ఉదాహరణతో 2025 ఆగస్టులో బ్రేవ్ సంస్థ చూపించింది. ఒకే కంప్యూటర్లో పదిమంది లాగిన్లు తెరిచి ఉండే నెట్ సెంటర్‌కు ఇది అస్సలు పనికిరాదు. అదే ఏడాది క్రోమ్‌ను కొంటామంటూ పర్‌ప్లెక్సిటీ 3,450 కోట్ల డాలర్లు ఆఫర్ చేసింది. అయితే గూగుల్ క్రోమ్‌ను అమ్మాల్సిన పనిలేదని అమెరికా జడ్జి అమిత్ మెహతా సెప్టెంబర్ 2న తేల్చారు. బ్రౌజర్ కోసం ఇంత పోటీ ఎందుకంటారా? కంప్యూటర్ మీద పట్టు ఇప్పుడు అక్కడుంది కాబట్టి.

మనవైపు నుంచి చూస్తే 2025 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తన డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు, ప్రజెంటేషన్లను జోహోకు మార్చుకున్నట్టు ప్రకటించారు. జోహో ఆఫీస్ కూడా ప్రధానంగా బ్రౌజర్‌లో నడిచేదే.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు ఏం చేయాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. సెకండ్ హ్యాండ్ మెషీన్లతో నడిచే సెంటర్లలో చాలావాటికి ఆ యోగం లేదు. అలాగని వెంటనే పడేయనక్కర్లేదు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే ఇళ్లలో వాడే మెషీన్లకు 2026 అక్టోబర్ 13 దాకా రక్షణ ఉంటుంది. విండోస్ 10 మీద ఎడ్జ్ బ్రౌజర్‌కు మాత్రం కనీసం 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. పని మొత్తం బ్రౌజర్‌లోనే అయితే గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ వేసుకుని, పాత మెషీన్‌ను ఇంకొన్నేళ్లు లాగించొచ్చు. అయితే వేలిముద్ర మెషీన్ పెట్టుకున్న సెంటర్లు ఆ పని చేయకండి. విండోస్ కోసం తయారైన ఆర్డీ సర్వీస్ అందులో నడవదు.